పటేల్ పట్వారీ నుంచి ధరణి దాకా: జనాకర్షక ప్రభుత్వం ముందు ప్రతిపక్షం ఎక్కడ నిలబడాలి? నల్లగొండ, పాలమూరు కేస్ స్టడీ

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మండల స్థాయి కార్యకర్తలకు రాజకీయ శిక్షణ ఇవ్వడం నా పని. జెండా ఏదైనా ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు పిలిస్తేనే వెళ్తాను. 2023కు ముందు ఒక పార్టీ వాళ్లు పిలిచేవాళ్లు, ఇప్పుడు ఇంకో పార్టీ వాళ్లు పిలుస్తున్నారు. ఎవరు పిలిచినా మొదటి గంటలోనే ఎవరో ఒకరు లేచి అడిగేది దాదాపు ఇదే: "అన్నా, వాళ్లు రోజుకో పథకం అంటున్నరు, ఉన్న ఆఫీసులు తీసేస్తున్నరు, రూల్స్ మారుస్తున్నరు, జనం చప్పట్లు కొడుతున్నరు. మేం ఏది మాట్లాడినా తిరిగి మాకే తగుల్తున్నది. ఏం చెయ్యాలె?"

నా జవాబు ఒక్కటే. ప్రభుత్వం కూల్చినదాన్ని కాపాడటానికి పోవద్దు, అది కూల్చిన చోట మిగిలిన ఖాళీలో పోయి నిలబడాలి. చెప్పడం తేలికే కానీ చెయ్యడం చాలా కష్టం. ఎంత కష్టమో అర్థం కావాలంటే మన జిల్లాల్లోనే జరిగిన ఒక కథను మొదటి నుంచి చివరి దాకా చూడాలి. ఆ కథ 1983లో మొదలై 1989లో కల్వకుర్తిలో ఒక మలుపు తిరిగింది, దాని రెండో భాగం 2020లో ధరణి అనే ఆన్‌లైన్ భూముల రికార్డుల వ్యవస్థతో మొదలైంది.

ముందుగా నేను ఎలాంటి ప్రభుత్వం గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. నాయకుడు పార్టీనీ ఆఫీసునూ దాటి నేరుగా జనంతో మాట్లాడతాడు. జనం చేతికి అందేది ఏదో ఒకటి ఇస్తాడు. జనం అప్పటికే అసహ్యించుకుంటున్న ఒక వ్యవస్థను ఒక్క దెబ్బతో పడగొడతాడు. మొదటి రెండింటికీ ప్రతిపక్షాలు ఎలాగో ఒక జవాబు వెతుక్కుంటాయి, మూడోదాని దగ్గర మాత్రం దాదాపు ప్రతిసారీ బోల్తా పడతాయి.

1983: పది పైసల పోటీ

1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 జనవరిలో, 294 సీట్ల శాసనసభలో 200 దాటి గెలిచింది. అంతకుముందు ఐదేళ్లలో కాంగ్రెస్ నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి ఫోన్ వస్తే ముఖ్యమంత్రి మారిపోతాడు అన్న మాట ఊరూరా పాకింది, ఎన్టీఆర్ ఆత్మగౌరవం అన్న మాటకు అంత బలం రావడానికి కారణం అదే.

ఈ ఘట్టంలో నేను క్లాసులో ఎక్కువ సేపు చెప్పేది బియ్యం గురించి. ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకే బియ్యం అన్నాడు. అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికలకు ముందే కిలో రూపాయి తొంభై పైసలకు ఇస్తామని మొదలుపెట్టింది. లెక్క ప్రకారం కాంగ్రెస్ బియ్యమే చౌక, అయినా జనం రెండు రూపాయల వైపే పోయారు. ఎందుకంటే పది పైసలు తక్కువకు ఇస్తున్నవాళ్లు ఇన్నేళ్లు అధికారంలో ఉండి ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్నకు కాంగ్రెస్ దగ్గర జవాబు లేదు. ఎదుటివాడి హామీని వేలంపాటలో పాడినట్టు పాడితే ఆ హామీ గొప్పదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది, దానికి యజమాని మాత్రం మొదట చెప్పినవాడే. ఇది ఈ రోజు పింఛన్ల విషయంలోనూ పెట్టుబడి సాయం విషయంలోనూ అంతే.

పటేల్, పట్వారీ పోయిన రోజు

తెలంగాణ పల్లెల్లో పట్వారీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాల్సి వస్తుంది. ఊరి భూముల రికార్డు అయిన పహాణీ రాసేది పట్వారీ, శిస్తు వసూలు చేసేది మాలిపటేల్, ఊళ్లో పోలీసు పనులు చూసేది పోలీస్ పటేల్. నిజాం కాలం నుంచి చాలా ఊళ్లలో ఈ పనులు ఒకే కుటుంబాల చేతుల్లో తరతరాలుగా నడిచాయి. ఎవరి భూమి ఎవరి పేరు మీద ఉందో పట్వారీ కలానికే తెలుసు, రైతుకు తెలియదు. ఆ కలం కోసం రైతు గడపకు గడప తిరిగేవాడు, కోళ్లూ నెయ్యీ మోసేవాడు, ఆ ఇంట్లో వెట్టి చేసేవాడు. సాయుధ పోరాటం నడిచిన నల్లగొండలో ఈ కోపం ఎంత లోతుగా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్స్‌తో ఈ ఉద్యోగాలను రద్దు చేసింది. రద్దయినవాళ్లు కోర్టుకు వెళ్లారు, 1985లో సుప్రీంకోర్టు రద్దునే సమర్థించింది.

అప్పుడు ప్రతిపక్షం ఎక్కడ నిలబడింది? ఊళ్లో కాంగ్రెస్ పెద్దమనుషులు చాలామంది ఆ కుటుంబాలవాళ్లో, వాళ్లతో దగ్గరి సంబంధం ఉన్నవాళ్లో. అందుకని పార్టీ నోట సహజంగానే వచ్చిన మాట "ఇంతమంది పొట్ట కొట్టారు" అన్నదే. వేలమంది ఉపాధి పోయిన మాట నిజమే, అందులో చిన్న జీతానికి నిజాయితీగా పనిచేసినవాళ్లూ ఉన్నారు. కానీ వింటున్న రైతు చెవికి ఆ మాట ఇంకోలా వినపడింది: వీళ్లు పట్వారీ పక్షం అని. ఆ ముద్ర ఒకసారి పడ్డాక ఇంక ఏ విమర్శ చేసినా జనం దాన్ని ఆ ముద్రలోంచే చూశారు.

అక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. పట్వారీ పోయాడు సరే, మరి పహాణీ ఇప్పుడు ఎవరు రాస్తారు? పాత రికార్డులు ఎవరి ఇంట్లో ఉన్నాయి? వాటిని అప్పగించే దగ్గర పడ్డ తిప్పల గురించి ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. రద్దును మెచ్చుకున్న రైతే ఆ మరుసటి ఏడాది తన భూమి కాగితం కోసం తిరగాల్సి వచ్చింది. ఆ తిరుగుడులో అతని పక్కన నడిచేవాడు ప్రతిపక్షం వాడై ఉంటే కథ వేరేగా ఉండేది. పోయినవాళ్ల పక్కన నిలబడటానికి అందరూ ఉన్నారు, ఈ రైతు పక్కన ఎవరూ లేరు.

ఆగస్టు 1984: దొడ్డిదారి

ఆ తర్వాత జరిగినది ప్రతిపక్షం ఎన్నడూ చెయ్యకూడని పని. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ముఖ్యమంత్రిని 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ తొలగించి, ఆయన పార్టీ నుంచే చీలి కాంగ్రెస్ మద్దతు తెచ్చుకున్న నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. మెజారిటీ నా దగ్గరే ఉందని ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని తిరిగారు, వాళ్లను కర్ణాటకలో దాచుకోవాల్సి వచ్చింది. జనం రోడ్ల మీదకు వచ్చారు. గవర్నర్ మారారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఆ నెల రోజులకు ముందు ఎన్టీఆర్ ప్రభుత్వం మీద అసంతృప్తి లేదా అంటే ఉంది. ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు తగ్గించడంతో నాన్ గెజిటెడ్ ఉద్యోగులు (ఎన్జీవోలు) మండిపోతున్నారు, పాలన అంతా ఒక్కరి చుట్టే తిరుగుతోందని సొంత పార్టీలోనే గొణుగుడు ఉంది. ఆ అసంతృప్తి మొత్తాన్ని ఆ నెల రోజులు తుడిచేశాయి. రిటైర్మెంట్ వయసు గురించి మాట్లాడుకుంటున్నవాళ్లు కూడా మేం ఓటేసి కూర్చోబెట్టినవాణ్ని మీరెవరు దించడానికి అన్న దగ్గరికి వచ్చేశారు.

ఫలితం చూడండి. 1984 డిసెంబర్‌లో ఇందిరా గాంధీ హత్య తర్వాత జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీచి 400 సీట్లు దాటితే, మన రాష్ట్రంలో 42లో 30 తెలుగుదేశానికి పోయి, కాంగ్రెస్‌కు 6 మిగిలాయి. 1985 మార్చిలో శాసనసభకు మళ్లీ ఎన్నికలు పెడితే తెలుగుదేశానికి 202 సీట్లు. గుడివాడ, హిందూపురంతో పాటు నల్లగొండ నుంచీ ఎన్టీఆర్ పోటీ చేసి మూడు చోట్లా గెలిచారు. పుట్టిన ఊరితో గానీ కులంతో గానీ ఏ బంధమూ లేని నల్లగొండ ఆయన్ను గెలిపించింది.

ఇదే తప్పు వేరే దేశాల్లోనూ జరిగింది. వెనెజువెలాలో 2002 ఏప్రిల్‌లో చావెజ్‌ను కుట్రతో దించారు, రెండు రోజుల్లో జనమూ సైన్యంలో ఒక భాగమూ కలిసి ఆయన్ను మళ్లీ తెచ్చి కూర్చోబెట్టాయి. 2005లో ప్రతిపక్షం పార్లమెంటు ఎన్నికలనే బహిష్కరించింది, సభ మొత్తం చావెజ్ వాళ్ల చేతికి పోయింది. అదే ప్రతిపక్షం ఒక్కటై, సరుకుల కొరత గురించి మాట్లాడుతూ 2015లో పోటీ చేసినప్పుడు ఆ సభనే గెలుచుకుంది. తర్వాత ఆ దేశంలో జరిగినది వేరే పెద్ద కథ, ఇక్కడ పట్టదు. నాకు కావలసింది ఈ పోలిక ఒక్కటే: దొడ్డిదారీ బహిష్కరణా జనాకర్షక నాయకుడికి ఊపిరి పోస్తాయి, ఎందుకంటే ఆయన మొదటి నుంచీ చెబుతున్న మాట, వీళ్లకు మీ ఓటంటే లెక్క లేదన్న మాట, వాటితో నిజమైపోతుంది.

1989, కల్వకుర్తి

1985 తర్వాత మార్పుల వేగం ఇంకా పెరిగింది. తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, శాసనమండలి రద్దయింది, 1987లో మండలాలకూ జిల్లా పరిషత్తులకూ ఎన్నికలు జరిగాయి. మండల వ్యవస్థ మంచి పని అని నా అభిప్రాయం, దేవరకొండ తండాల నుంచి తాలూకా ఆఫీసుకు రోజంతా నడిచిన మనిషికి మండలం దగ్గరైంది. కానీ ఇంత వేగంగా ఇన్ని మార్చే ప్రభుత్వం తను మార్చినదాని పర్యవసానం చూడటానికి ఆగదు. 1986లో బీసీ రిజర్వేషన్లను 25 నుంచి 44 శాతానికి పెంచారు, ఆందోళనలు లేచాయి, హైకోర్టు కొట్టేసింది, ప్రభుత్వం అక్కడితో వదిలేసింది. ఇటు ఆశపడ్డ బీసీలకు నిరాశ, అటు వ్యతిరేకించినవాళ్లకు కోపం. 1989 మొదట్లో బడ్జెట్ లీకైందని మంత్రివర్గం మొత్తాన్నీ ఒకేసారి తీసేశారు.

ఈసారి కాంగ్రెస్ ప్రభుత్వాన్ని పడగొట్టే పని పెట్టుకోలేదు. కోర్టులో రిట్‌లు వేసింది, స్థానిక ఎన్నికల్లో పోటీ చేసింది, ఐదేళ్లు ఆగింది. ఆగడమూ ఒక పనే అని కార్యకర్తకు ఒప్పించడం నా వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన భాగం, ఎందుకంటే వాడికి రేపే ధర్నా కావాలి.

1989 నవంబర్‌లో ఎన్టీఆర్ హిందూపురంతో పాటు పాలమూరు జిల్లా కల్వకుర్తిలో నిలబడ్డారు. ఎస్. జైపాల్‌రెడ్డిని 1969 నుంచి వరసగా నాలుగుసార్లు శాసనసభకు పంపిన నియోజకవర్గం అది, అందులో చివరి రెండుసార్లు ఆయన కాంగ్రెస్‌కు ఎదురు నిలిచి గెలిచినవాడు. నాయకుడి హోదా చూసి కాకుండా మనిషిని చూసి ఓటేసే అలవాటున్న చోటు. ఎదురుగా కాంగ్రెస్ నుంచి చిత్తరంజన్‌దాస్. ముఖ్యమంత్రి సుమారు మూడున్నర వేల ఓట్లతో ఓడిపోయారు. రాష్ట్రంలో కాంగ్రెస్‌కు 181, తెలుగుదేశానికి 74. అదే ఎన్నికల్లో దేశంలో కాంగ్రెస్ ఓడిపోయింది కాబట్టి దీన్ని ఢిల్లీ గాలి అనడానికి లేదు.

ఎందుకు ఓడిపోయారన్నదానికి ఒకే ఒక్క కారణం చెప్పేవాళ్లను నేను నమ్మను. విజయవాడలో వంగవీటి రంగా హత్య తర్వాత కోస్తాలో వచ్చిన మార్పు వేరు, ఇక్కడ కారణాలు వేరు. కల్వకుర్తి ప్రాంతం కరువుది, వలసది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు, డ్యాములు కట్టింది, రోడ్లు వేసింది ఆ చేతులే. రెండు రూపాయల బియ్యం తిన్న ఇల్లే వలస పోయిన ఇల్లు కూడా. బియ్యం ఇచ్చినందుకు కృతజ్ఞత ఉంది, అయినా ఇంటి మగవాళ్లు బొంబాయిలో ఉన్నారన్న బాధ తీరలేదు. ఈ రెండూ ఒకే మనసులో ఉండగలవని గుర్తించిన ప్రతిపక్షమే ఆ ఇంటి ఓటు అడగగలదు. ఓటరును మోసపోయినవాడిలా, అమాయకుడిలా చూసేవాడికి ఆ ఇంటి గడప దాటే అర్హత కూడా ఉండదు.

గెలిచిన కాంగ్రెస్ ఏం చేసిందో కూడా చెప్పాలి, లేకపోతే కేసు సగమే. మళ్లీ ఐదేళ్లలో ముగ్గురు ముఖ్యమంత్రులు. కిలో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నరకు పెంచారు. 1994లో ఎన్టీఆర్ మళ్లీ రెండు రూపాయలనీ, మద్య నిషేధమనీ అన్నారు, కాంగ్రెస్‌కు మిగిలినవి 26 సీట్లు. జనం చేతికి ఒకసారి అందినదాన్ని తగ్గించే హక్కు వచ్చినట్టు ప్రవర్తిస్తే ఏమవుతుందో ఆ 26 చెబుతుంది. పోలండ్‌లో 2016లో మొదలైన పిల్లల భృతిని ప్రతిపక్షం తీసేయబోమని ముందే తేల్చి చెప్పింది. 2023 అక్టోబర్ ఎన్నికల్లో అధికార పార్టీ అందరికన్నా ఎక్కువ సీట్లు తెచ్చుకున్నా, ప్రతిపక్ష కూటములు కలిసి మెజారిటీ సాధించి ప్రభుత్వం ఏర్పాటు చేయగలిగాయి. భృతి విషయంలో ఓటరుకు టెన్షన్ లేకుండా చెయ్యడం అందులో పెద్ద పాత్ర పోషించిందని నేను అనుకుంటాను.

2020: మళ్లీ అదే కుర్చీ ఖాళీ

2020 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఊళ్లో భూమి రికార్డులు చూసే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థను రద్దు చేసింది. ఊళ్లలో టపాకాయలు కాల్చారు, కేసీఆర్ ఫోటోకు పాలాభిషేకాలు చేశారు. అక్టోబర్ 29న ధరణి వచ్చింది. సాగు భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులోనే, కొన్నవాడి పేరు రికార్డులోకి ఎక్కించే మ్యుటేషన్ అప్పటికప్పుడే. పనిచేసిన చోట అది నిజంగా బాగా పనిచేసింది, ఇది ఒప్పుకోకుండా నేను ఏ క్లాసూ మొదలుపెట్టను.

అప్పుడు కొందరు ప్రతిపక్ష నాయకులు మొదటి వారమే వీఆర్వోల తరఫున ప్రెస్‌మీట్లు పెట్టారు. 1984 మళ్లీ జరగబోతోందని అనిపించింది. దేవరకొండ వైపు ఒక మండలంలో నన్ను పిలిచిన కార్యకర్తలతో మాత్రం ముందు ఒక ఒప్పందం చేసుకున్నాం: వీఆర్వో అన్న మాట మన నోటి నుంచి రావద్దు, భూమి అన్న మాటే రావాలి.

ఖాళీ ఎక్కడుందో చూస్తే చాలా పెద్దగా ఉంది. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళనలో వివాదం ఉందని పార్ట్ బీలో పెట్టిన భూములకు పాస్‌బుక్ రాలేదు. పాస్‌బుక్ లేకపోతే పెట్టుబడి సాయమైన రైతుబంధు లేదు, రైతుబీమా లేదు, అంటే ఆ రైతు చనిపోతే ఇంటికి రావాల్సిన ఐదు లక్షలు కూడా లేవు. పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ పోయింది, తెల్లకాగితం మీద కొనుక్కుని ముప్ఫై ఏళ్లుగా దున్నుతున్నవాడి పేరు ఎక్కడా కనపడదు. ఇలాంటి తెల్లకాగితం కొనుగోళ్లను (సాదాబైనామా) రికార్డులోకి ఎక్కించడానికి దరఖాస్తులు 2020లో తీసుకున్నారు, కోర్టు కేసుతో ఆగిపోయాయి. ఒక సర్వే నంబర్‌లో కొంత ప్రభుత్వ భూమి ఉంటే నంబర్ మొత్తం నిషేధిత జాబితాలోకి పోయిన ఊళ్లున్నాయి. విస్తీర్ణంలో గుంటలు తేడా, పేరులో అక్షరం తేడా, ఏది దిద్దాలన్నా మీసేవలో అప్లై చేసి కలెక్టర్ దాకా పోవాలి. ఇంతకుముందు లంచం తీసుకునైనా చెప్పేవాడు ఊళ్లో ఒకడుండేవాడు, ఇప్పుడు అడగడానికి మనిషే లేడు.

మేం చేసినది పెద్ద పనేం కాదు. అంగడి రోజున తహసీల్దార్ ఆఫీసు దగ్గర చెట్టు కింద ఒక టేబుల్, పాత పహాణీలు చదవగలిగిన ఒక రిటైర్డ్ ఉద్యోగి, లాప్‌టాప్‌తో ఒక డిగ్రీ పిల్లోడు, ఒక పెద్ద నోట్‌బుక్. జెండా లేదు, ఫ్లెక్సీ లేదు. ఫ్లెక్సీ వద్దన్నందుకు మండల అధ్యక్షుడితో చాలా సేపు వాదన జరిగింది. అంత కష్టపడి మన పేరు కూడా లేకపోతే ఎలా అన్నాడు. సాయం చేసిన మనిషి ఏ పార్టీయో ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు అన్నాను. చివరికి ఒప్పుకున్నాడు.

నోట్‌బుక్‌లో రాసేవి: ఊరు, సర్వే నంబర్, సమస్య ఏమిటి, ధరణిలో ఏ విభాగం కింద అప్లై చేశారు, ఏ తేదీన, తిరస్కరిస్తే ఏ కారణం చూపించారు, తర్వాత ఏం చెయ్యాలి. పార్టీ ఏదని అడగకూడదు, పైసా తీసుకోకూడదు, కాదని తెలిసిన పని అవుతుందని చెప్పకూడదు. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కోర్టులో ఉన్న భూమికి "చూద్దాం పెద్దయ్యా" అని పంపించడం కన్నా "ఇది ఇప్పుడు కాదు పెద్దయ్యా, కోర్టులో తేలాలి" అని చెప్పడమే ఆ మనిషి మళ్లీ మన దగ్గరికి రావడానికి కారణమైంది.

కొన్ని నెలల్లో అది సాయం చేసే డెస్క్ దశ దాటిపోయింది. ఊరి వారీగా జాబితా తయారైంది, ఏ ఊళ్లో ఏ రకం సమస్య ఎక్కువో ఆఫీసుకన్నా మా నోట్‌బుక్‌కే బాగా తెలుసు. ఆ జాబితాతో సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాం, గ్రామసభలో పేర్లు కాకుండా సర్వే నంబర్లు చదివాం. అధికార పార్టీ సర్పంచులు మొదట్లో దూరంగా ఉన్నారు, తర్వాత తమ సొంత భూముల కాగితాలు పట్టుకుని చీకటి పడ్డాక కార్యకర్తల ఇళ్లకు వచ్చారు. వాళ్ల పనీ చేశాం, చెయ్యాలి కూడా. ప్రభుత్వ పక్షం మనిషి సమస్యే ప్రభుత్వం తప్పుకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

క్లాసులో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. ఒకరు రైతు, ఒకరు కార్యకర్త. రైతు అంటాడు: "వీఆర్వోలను తీసేసుడు మంచిగనే అయింది గదా?" దానికి కార్యకర్త "అది కాదు పెద్దయ్యా" అని మొదలుపెడితే అక్కడే ఆపేస్తాను. "అవును పెద్దయ్యా, తిన్నోళ్లు తిన్నరు. మరి ఇప్పుడు నీ రెండెకరాలు ఎక్కలేదు గదా, ఎవరిని అడుగుతున్నవ్?" అనాలి. తర్వాత నోరు మూసుకుని వినాలి. వినడం నేర్పడానికి మాట్లాడటం నేర్పడం కన్నా ఎక్కువ సమయం పడుతుంది.

చేతికి ఇచ్చే డబ్బు గురించి

రైతుబంధు 2018లో సీజన్‌కు ఎకరానికి 4 వేలతో మొదలై 5 వేలు అయింది. భూమి ఎంత ఉంటే అంత వచ్చింది, కౌలు రైతుకు రాలేదు. చాలామంది నాయకులు ఆదాయం ఉన్న పెద్ద రైతులకు ఎందుకిచ్చారని అడిగారు. ఆ ప్రశ్న హైదరాబాద్ టీవీ స్టూడియోలో బాగుంటుంది, మిర్యాలగూడ ఆయకట్టులో మాత్రం రెండెకరాల రైతు కూడా తనదే పోతుందేమోనని భయపడతాడు. కౌలుకు చేసేవాడికి ఎందుకు రాలేదన్న ప్రశ్న ఎవరినీ భయపెట్టదు, కొత్తవాళ్లను కలుపుతుంది. 2022 మే నెలలో వరంగల్ సభలో కాంగ్రెస్ ప్రకటించిన రైతు డిక్లరేషన్‌లో కౌలు రైతును చేర్చింది ఈ ఆలోచనతోనే అనుకుంటున్నాను. 2023 ప్రచారంలో కేసీఆర్ ధరణి తీసేస్తే రైతుబంధు ఎలా వస్తుందని పదేపదే అడిగారు. జనాకర్షక ప్రభుత్వం ఎప్పుడూ ఇలాగే చేస్తుంది, ఇచ్చే చెయ్యినీ తను పెట్టిన వ్యవస్థనూ ఒకటిగా కట్టేస్తుంది. ఆ రెంటినీ విడదీసి, డబ్బు ఆగదు, కాగితం మాత్రం సరిచేస్తాం అని చెప్పగలిగిన చోటే ప్రతిపక్షం నిలబడింది.

2021 ఆగస్టులో దళితబంధును మన యాదాద్రి జిల్లా వాసాలమర్రిలో 76 కుటుంబాలతో మొదలుపెట్టారు, కుటుంబానికి 10 లక్షలు. ఓట్ల కోసమే అని తిట్టినవాళ్లకు పక్క ఊరి దళిత యువకుడు ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది: "ఓట్ల కోసమే ఇయ్యనీ, మాకు ఎప్పుడిస్తరు?" అసలు అడగాల్సింది అదే. జాబితా ఎవరు రాస్తున్నారు, ఎమ్మెల్యే చుట్టూ తిరిగేవాళ్లకేనా, మా వాడకు ఏ నెలలో. పథకం మంచిదని ఒప్పుకుని వరస గురించి అడగడం.

గోడ దూకిన ఎమ్మెల్యే

2018లో ఉమ్మడి పాలమూరు 14 సీట్లలో కాంగ్రెస్‌కు దక్కింది ఒక్క కొల్లాపూర్, అదీ తర్వాత అధికార పార్టీలో చేరింది. నల్లగొండలో కాంగ్రెస్ గెలిచిన నకిరేకల్ కూడా అంతే. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఒకేసారి అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023 తర్వాత అదే పని అటు నుంచి ఇటు, ఆ పార్టీ నుంచి కాంగ్రెస్‌లోకి, జరిగింది. ఎమ్మెల్యే పోయినప్పుడు కార్యకర్తలు నెలల తరబడి దిష్టిబొమ్మలు తగలబెడుతూ ఉంటారు, నేను ఒక్క రోజు చాలంటాను. ఎమ్మెల్యే వెంట బూత్ జాబితా, ఫోన్ నంబర్లు, పార్టీ ఆఫీసు అద్దె పోకుండా ఉంటే పార్టీ ఉన్నట్టే. కాబట్టి ఇవి ఎన్నడూ ఎమ్మెల్యే ఇంట్లో ఉండకూడదు, మండల కమిటీ దగ్గర ఉండాలి. చిన్న విషయంలా ఉంటుంది గానీ రెండు జిల్లాల్లోనూ పార్టీలు కుప్పకూలింది ఇక్కడే.

2023లో ఉమ్మడి నల్లగొండ 12లో 11, పాలమూరు 14లో 12 ప్రతిపక్షంగా ఉన్న కాంగ్రెస్‌కు వచ్చాయి. ఇది మా టేబుల్ వల్ల అని నేను చెప్పను, నిరుద్యోగం, గ్రూప్ వన్ పేపర్ లీకేజీ, పదేళ్ల విసుగు, అన్నీ ఉన్నాయి. మేం పనిచేసిన మండలంలో భూమి గురించి ఓటరుతో మాట్లాడటానికి కార్యకర్తకు భయం లేకుండా పోయింది, నేను చూసి చెప్పగలిగింది అంతవరకే.

ఇప్పుడు

2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, ఊరికి మళ్లీ ఒక మనిషిని పెట్టాలని గ్రామ పాలన అధికారులను నియమించారు, వాళ్లలో పాత వీఆర్వోలు, వాళ్ల కింద పనిచేసిన గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలు) ఉన్నారు. రుణమాఫీ, రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసా మీద జనంలో ప్రశ్నలున్నాయి. ఈసారి నన్ను పిలుస్తున్న ప్రతిపక్షం వాళ్లు ధరణిని మళ్లీ తెస్తామని చెప్పాలా అని అడుగుతున్నారు. వద్దన్నాను. పోయిన వ్యవస్థను మోసుకు తిరిగితే పట్వారీ పక్షం అన్న ముద్రే వీళ్లకూ పడుతుంది. రెవెన్యూ సదస్సుల్లో తీసుకున్న దరఖాస్తులు ఊరి వారీగా ఎన్ని తేలాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో, అన్నది ముందు రాసుకోండి అని చెప్పాను. పాత నోట్‌బుక్‌లో అప్పుడు తేలని సర్వే నంబర్లున్నాయి. ఆ నోట్‌బుక్ పాత పార్టీ వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి కొత్తది మొదలుపెట్టాలి, అంగడి రోజునే, అదే ఆఫీసు దగ్గర. పహాణీ చదివే మనిషి కోసం వెతుకుతున్నారు, దొరికితే వచ్చే వారం టేబుల్ వేస్తారు.